రంగు నచ్చలేదు

మా అక్కకి కారంటే వెనక సీటే. ముందు ఎంత పెద్ద స్క్రీనుందో, పాటలెలా వినిపిస్తాయో ఆమెకి అనవసరం. ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు, షుగరున్న మామగారు. వీళ్ళంతా వెనక ఎలా సర్దుకుంటారు, మూడో వరసలో కూర్చున్న పిల్లలకి ఏసీ గాలి తగులుతుందా, దారిలో మామగారు దిగాలంటే ఎవర్ని లేపాలి, ఆమె అడిగేవి ఇవే. ఇల్లు విశాఖపట్నంలో, మధురవాడ దగ్గర. సొంతూరు పలాస పక్కన. పండక్కీ పబ్బానికీ ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో వేసుకుని ఆర్టీసీ బస్సులో వెళ్ళి వెళ్ళి అక్క విసిగిపోయింది.

ఊళ్ళో తిరగాలంటే బావ మోటార్‌సైకిలే. ట్యాంకు మీద బాబు, మధ్యలో పాప, వెనక అక్క. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి మీద ఎక్కించుకుంటే హెల్మెట్టు పెట్టాలి, నడిపేవాళ్ళకి కలిపి బెల్టు కట్టాలి, నలభై దాటి పోకూడదు అని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పాటించేవాళ్ళని నేనైతే చూళ్ళేదు. వాళ్ళు నలుగురూ అలా వీధి మలుపు తిరుగుతుంటే మేనమామని కదా, నాకు గుండెల్లో దడ. కారు కొనమని బావని పోరుపెట్టిందీ నేనే.

పాప బడికి వెళ్ళేది ఆటోలో. పక్క వీధి కుర్రాడు నడుపుతాడు. మర్యాదస్తుడు, పిల్లలంటే ప్రాణం. కానీ ఆటో ఆటోయే. డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక చెక్క మీద నలుగురు, బ్యాగులన్నీ బయట వేలాడుతూ ఉంటాయి. వానొస్తే పట్టా దించుతాడు గానీ పక్కనున్న పిల్లలు తడిసే తీరతారు. అక్కా, వీధిలోని మిగతా తల్లులూ ఒకరోజు అతన్ని ఆపి, "తమ్ముడూ, ఆటో తీసేసి ఏదైనా కారు పెట్టుకో, నెలకి మూడొందలు ఎక్కువిస్తాం" అన్నారు. "అలాగే మేడం, చూస్తాను" అన్నాడు.

బావ చేతిలో ఉన్నది ఎనిమిది లక్షలు, గట్టిగా పట్టుకుంటే ఎనిమిదిన్నర. ఏడు సీట్ల కొత్త బండి ఆ డబ్బుకి రాదు. సెకండ్ హ్యాండే దిక్కు.

సెకండ్ హ్యాండంటే గోపాలపట్నం మెకానిక్ బాబాయి ఉండాల్సిందే. అంబాసిడర్ల కాలం నుంచి షెడ్డు నడుపుతున్న మనిషి. ఆయన చూసి సరే అన్న బండిని కళ్ళు మూసుకుని కొనొచ్చని ఆ చుట్టుపక్కల ఆటోవాళ్ళకీ ట్యాక్సీవాళ్ళకీ ఎంత గురో చెప్పలేను. మా నాన్నకి స్నేహితుడు కాబట్టి ఆదివారాలు మాతో తిరగడానికి ఒప్పుకున్నాడు.

ముందు ఇన్నోవాలు చూశాం. 2016లో క్రిస్టా రాకముందు వచ్చిన పాత ఇన్నోవా అంత సుఖంగా కుటుంబాన్ని మోసే బండి మన రోడ్ల మీద తక్కువ. అయితే అమ్మకానికొచ్చేవాటిలో చాలా వరకు ఒకప్పుడు ట్యాక్సీలు. పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటు వేయించుకున్నవే. ఒకదానికి మీటరు తొంభై వేల కిలోమీటర్లు చూపిస్తోంది. బాబాయి మీటరు వైపు చూడనే లేదు. కిందకి వంగి క్లచ్ పెడలు రబ్బరు తడిమాడు. గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయింది. "తొంభై వేలకి ఇలగ అరగదు బాబూ. దీనికి మూడు లక్షలు దాటుంటాది" అన్నాడు. రెనో లాడ్జీ ఒకటి చూశాం. చోటు బ్రహ్మాండం. కానీ కంపెనీ ఆ మోడలు ఆపేసింది, రేపు పార్టుల కోసం ఎవర్ని అడగాలి? ట్రైబరు నాకు నచ్చింది. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్ది చూసిన పరీక్షలో పెద్దల రక్షణకి నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. ఆ మాట చెప్పి చాలాసేపు వాదించాను. మూడో వరసలోకి ఎక్కబోయిన అత్తగారి మోకాలు మడత పడలేదు, నా వాదన అక్కడితో ఆగింది.

చివరికి ఎర్టిగా దగ్గర తేలాం. 2018 నవంబరులో వచ్చిన రెండో తరం బండి. పొడవు 4,395 మిల్లీమీటర్లు, మూడు వరసలూ వేసి ఉంచినా వెనక 209 లీటర్ల సామాను పడుతుంది. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ అన్నిట్లోనూ ఉన్నాయి. మధ్య వరసలో ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటుని నేరుగా బండి చట్రానికే బిగించే కొక్కేలు, అవీ ఉన్నాయి. 2019 పరీక్షలో దీనికి వచ్చినవి మూడే నక్షత్రాలు. ఇంకొకటి వచ్చుంటే నాకు ఇంకొంచెం నిద్ర పట్టేది. కానీ ఆరుగురు, ఎనిమిదిన్నర లక్షలు, ఈ రెండింటి మధ్య ఇంతకంటే దొరకలేదు.

గాజువాకలో ఒక బ్రోకరు దగ్గర 2020 మోడలు ఉందంటే వెళ్ళాం. ముదురు ఎరుపు రంగు, పెట్రోలు, నలభై ఎనిమిది వేలు తిరిగింది. అడిగింది ఏడుంపావు. బయట రేటుకంటే లక్ష పైన తక్కువ. ఓనరు గవర్నమెంటు ఉద్యోగి, బదిలీ మీద వెళ్ళిపోతున్నాడు, అందుకే ఈ రేటన్నాడు. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, తలుపు తీస్తే గుప్పుమని మల్లెపూల సెంటు. పాప వెళ్ళి మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని "ఇది నా సీటు" అని చెప్పేసింది. నెంబరు ఏపీ 39. 2019కి ముందైతే ఏపీ 31 అంటే మనది, ఏపీ 16 అంటే కృష్ణా జిల్లాది అని ప్లేటు చూస్తేనే తెలిసిపోయేది. రాష్ట్రమంతటికీ ఒకే సిరీసు పెట్టాక బండి ఏ ఊరిదో ప్లేటు చెప్పదు. ఆర్సీ అడిగితే "లోపలుంది, తెప్పిస్తాను, ముందు బండి చూడండి" అన్నాడు.

బాబాయి రెండు గంటలు చూశాడు. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించారేమోనని బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఆయిలు కమ్మీ బయటికి లాగాడు, రేడియేటర్ మూత విప్పాడు, కూర్మన్నపాలెం దాకా తోలుకొచ్చాడు. తిరిగొచ్చి దిగుతూ "ఇంజను కడిగిన ముత్యంలా ఉంది" అన్నాడు. బ్రోకరు మొహం వెలిగింది. బావ నా వైపు చూసి కళ్ళతోనే నవ్వాడు.

తర్వాత బాబాయి మూడో వరసలోకి దూరాడు. ముందూ మధ్యలో బెల్టులు కొత్తగా ఉన్నాయి. వెనకవి మాత్రం బండితో వచ్చినవే. పాప పక్కనున్న బెల్టు పట్టుకుని లాగాడు. మనం పెట్టుకోవడానికి లాగినంత కాదు, ఇంక రాదన్నంత వరకూ. గుండ్రటి డబ్బాలోంచి నల్లటి పట్టీ శుభ్రంగా వస్తూ వస్తూ, చివరి మూరెడు దగ్గర రంగు మారింది. గీత గీసినట్టు అడ్డంగా ఒక మరక. అక్కడి నుంచి చివరంటా మట్టిరంగు. ఆయన బొటనవేలితో గీరితే పొడి రాలి కవరు మీద పడింది. చిటికెడు తీసి వాసన చూసి నా చేతిలో పోశాడు. మెత్తటి ఒండ్రు. మధ్య సీటు కింద కార్పెట్టు ఒక మూల ఎత్తితే సీటుని బిగించిన బోల్టుల నిండా ఎర్రటి తుప్పు.

"బుడమేరు" అన్నాడు, మా ఇద్దరికే వినబడేలా.

అప్పటికి ఆర్సీ వచ్చింది. అడ్రసు విజయవాడ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి అక్కడి సింగ్ నగర్ మీద పడ్డప్పుడు వీధుల్లో బళ్ళు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. అలాంటి బండికి బాగుచేయించే ఖర్చు ఇన్సూరెన్సు విలువలో 75 శాతం దాటితే కంపెనీ డబ్బు కట్టేసి లెక్క ముగిస్తుంది, బండిని ఉన్నదున్నట్టు వేలంలో ఎవరో పట్టుకుపోతారు. తుక్కు కిందే పోతుందని మనం అనుకుంటాం. ఇంజను విప్పి కడగొచ్చు, సీట్లు మార్చొచ్చు. వైర్ల కనెక్టర్లలోకి దూరిన నీరు మాత్రం నెమ్మదిగా, నెలల మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఎయిర్‌బ్యాగుని తెరవమని చెప్పే పెట్టె చాలా బళ్ళలో ముందు సీట్ల మధ్య, నేలకి ఆనుకునే ఉంటుంది. ముందు మునిగేది అదే. అది పాడైందని చెప్పే దీపం డ్యాష్‌బోర్డు మీద వెలగకుండా చేసేవాళ్ళూ ఉన్నారు. బండి రోజూ బాగానే నడుస్తుంది. దెబ్బ తగిలిన క్షణంలో ఆ బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం మాత్రం ఉండదు. తుక్కు బండిని బాగుచేసి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. అది నీట మునిగిందని చెప్పకుండా, మల్లెపూల సెంటు కొట్టి పిల్లల తండ్రికి అమ్మడాన్ని మాత్రం నేను క్షమించలేను.

బ్రోకరు టీ తెప్పించాడు. బెంచీ మీద వేరే బేరాలకొచ్చినవాళ్ళు ఇంకా నలుగురైదుగురున్నారు. "ఏం బాబాయ్, అడ్వాన్సు రాసేసుకుందామా?" అన్నాడు. బాబాయి బావ వైపు చూశాడు. బావ మెత్తటి మనిషి. ఎవర్నీ మొహం మీద ఒక మాట అనలేడు.

"బండి బాగానే ఉందండీ. మా అమ్మకి రంగు నచ్చలేదు, అంతే."

దారిలో నేనుండబట్టలేక అడిగాను, ఉన్నమాట చెప్పొచ్చు కదా అని. "నలుగురిలో అతని వ్యాపారం ఎందుకు చెడగొట్టడం? మనకి తెలిసింది, మనం తప్పుకున్నాం" అన్నాడు బావ. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత సీతమ్మధారలో ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర 2019 బూడిద రంగు ఎర్టిగా దొరికింది. సర్వీసు బిల్లులన్నీ వరసగా ఫైలులో పెట్టుకున్న మనిషి. బెల్టులన్నీ బాబాయి చివరంటా లాగి చూశాడు. ఎనిమిది లక్షల ముప్ఫై వేలకి తెగింది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి, ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లోపే పేరు మార్పించాం. బాబుకి నేనే పిల్లల సీటు కొనిచ్చాను. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టు గానీ వాళ్ళ సీటు గానీ లేకుండా తిప్పితే 2019 సవరణ చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. ఆ వెయ్యికి భయపడి కాదు గానీ, కొక్కేల్లో సీటు టక్కున పడ్డ చప్పుడు విన్నాక నా దడ తగ్గింది. సంక్రాంతికి అందరూ పలాస వెళ్ళొచ్చారు. అత్తగారు దారి పొడుగునా కాళ్ళు చాపుకునే కూర్చున్నారట.

బావ ఉద్యోగం పరవాడ ఫార్మా సిటీలో. కారు వచ్చాక దాన్లోనే వెళ్ళొస్తున్నాడు. పొద్దున్నే ఏడు సీట్ల బండిలో ఒక్కడే.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. బావ షూ లేసులు కట్టుకుంటున్నాడు. బయట హారన్ మోగింది. ఆటో హారన్ కాదు. అక్క పాప చెయ్యి పట్టుకుని గేటు తీసింది.

ముదురు ఎరుపు ఎర్టిగా. ఏపీ 39, వెనక అదే నెంబరు. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు. లోపల మూడు వరసల నిండా పిల్లలు. ఆటో కుర్రాడు దిగి రెండు చేతులూ జోడించాడు. "కారు పెట్టుకోమన్నారు కదా మేడం, ఆటో అమ్మేశాను." పాప ఒక్క పరుగున వెళ్ళి మూడో వరసలోకి దూరి, కిటికీ పక్కనున్న అమ్మాయిని జరగమంటోంది. "ఇది నా సీటు!"

నేను గబగబా వెళ్ళి వెనక తలుపు ఎత్తాను. మూడో వరసలో బెల్టులు లేవు. డబ్బా దగ్గర బ్లేడుతో కోసిన మొదళ్ళు కనబడుతున్నాయి.

"వాటిలోంచి మట్టి రాలి పిల్లల యూనిఫారాలు పాడవుతాయని కోయించేశానండి" అన్నాడు. అంతలో గేట్లోకి వచ్చిన బావని చూసి మొహమంతా నవ్వుతో ఎదురెళ్ళాడు.

"మీకు రంగు నచ్చలేదని వదిలేశారంట కదా సార్. బ్రోకరు చెప్పాడు. మాకు రంగుతో పనేటండి! ఇంకో మెకానిక్‌కి చూపిద్దామనే అనుకున్నాను. మెకానిక్ బాబాయి రెండు గంటలు చూశారని, మీరు బండి బాగుందన్నారని తెలిశాక ఇంక ఎవరికీ చూపించలేదు. అప్పు చేసి కొనేశాను."