నాయన నోటిమాట

శ్రీనివాసపురం మండీకి కాయ తోలే రాయల్పాడు అన్నలకు జ్ఞాపకశక్తి తెగ పెరిగింది. చెల్లెలు మామిడితోపులో వాటా అడగ్గానే, "నాయన బతికుండగానే నోటిమాటగా పంచేసినాడు కదమ్మా!" అని గుర్తొస్తుంది. చీర పెట్టి సంతకం చేయించుకునే ఆచారం ఎటూ ఉండనే ఉంది.

కోర్టులూ తక్కువ తిప్పలేదు లెండి. ఒక ఆడబిడ్డకు వాటా ఉందని కర్ణాటక హైకోర్టు అంటే, కూతుళ్ల వాటా చట్టం అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుంటేనే అని 2015లో సుప్రీంకోర్టు మెలిక పెట్టింది. తండ్రి ఉన్నా పోయినా వాటా వాటానే అని 2020 ఆగస్టు 11న మళ్లీ అదే కోర్టు తేల్చింది. నోటిమాట పంపకాలను ఊరికే నమ్మం, సర్కారు కాగితం చూపండనీ చేర్చింది.

పాపం, అన్నలిప్పుడు పహణీలో నాయన నోరు వెతుకుతున్నారు.