రెండు అంకణాల పుణ్యం

నిలిపి ఉంచిన కారుకు మైలేజీ ఉండదు. డీజిలుతో నడిచేదైనా, పెట్రోలుతో నడిచేదైనా, పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారును జతచేసిన హైబ్రిడ్ అయినా, తాళం తీసి జేబులో వేసుకున్న క్షణం నుంచి అన్నీ ఒకే జాతి ఇనుము, అన్నిటి పొగా సున్నా. అయినా, దారిలో పొగ తక్కువ వదిలినందుకు ప్రతిఫలంగా హైబ్రిడ్ యజమానులకు నగరం నడిబొడ్డున ఉచిత పార్కింగ్ కల్పించాలన్న విధానం లోకంలో పుట్టింది, కొన్నాళ్లు వర్ధిల్లింది, నేటికీ దాన్ని సిఫారసు చేసేవారికి కొదవ లేదు. బాగా పరుగెత్తిన గుర్రానికి కదలకుండా నిలబడే హక్కును బహూకరించే ఈ న్యాయాన్ని నెల్లూరు తీరానికి అన్వయించి చూడటం విజ్ఞానదాయకం.

ముందు పరిభాష తేలాలి. హైబ్రిడ్ కార్లలో మూడు తెగలున్నాయి: బ్యాటరీ కేవలం ఇంజనుకు చేయూతనిచ్చేది మైల్డ్ హైబ్రిడ్, కొంత దూరం మోటారు మీదే నడవగలిగేది స్ట్రాంగ్ హైబ్రిడ్, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోగలిగేది ప్లగిన్ హైబ్రిడ్. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మొదటి రెండు తెగలకూ ప్లగ్గు ఉండదు కనుక, వాటి బ్యాటరీలో చేరే కరెంటంతా చివరికి పెట్రోలు బంకులో పుట్టిందే. ప్లగ్గు ఉన్నదాని పుణ్యం ఎంతన్నది కృష్ణపట్నం చేరువలో, నేలటూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు మండుతున్న పొగగొట్టాలను అడగాలి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి మళ్లించుకోవడం హైబ్రిడ్ అసలు నేర్పు. అందువల్ల దాని ప్రతిభ ఖాళీ జాతీయ రహదారి మీద కంటే ఆగి ఆగి కదిలే రద్దీలో ఎక్కువగా ప్రకాశిస్తుంది. సాయంత్రం వేళ నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ నుంచి గాంధీ బొమ్మ దాకా అడుగుకొక బ్రేకు వేయించే ట్రంకు రోడ్డు, ఈ లెక్కన, హైబ్రిడ్‌కు పుట్టినిల్లు. ఉచిత పార్కింగ్ మరిన్ని కార్లను అదే రోడ్డుకు రప్పిస్తుంది, కార్లు రద్దీని పెంచుతాయి, రద్దీ హైబ్రిడ్ గొప్పతనాన్ని చాటుతుంది, ఆ గొప్పతనం మళ్లీ ఉచిత పార్కింగ్‌కు సాక్ష్యం పలుకుతుంది. తన విజయానికి కావలసిన ట్రాఫిక్ జామును తానే సమకూర్చుకునే పథకం ప్రభుత్వ రంగంలో సైతం అరుదు.

పూర్వాచారం అమెరికాలో ఉంది. టయోటా ప్రియస్ అనే హైబ్రిడ్ కారు 1997లో జపానులో రోడ్డెక్కగా, 2000 దాటిన తరువాత లాస్ ఏంజెలెస్ వంటి నగరాలు హైబ్రిడ్లకు మీటరు రుసుమును మాఫీ చేశాయి. ఒకరికి మించి ప్రయాణికులున్న కార్లకు ప్రత్యేకించిన రహదారి వరుసలో హైబ్రిడ్ యజమాని ఒంటరిగానూ వెళ్లవచ్చునంటూ కాలిఫోర్నియా రాష్ట్రం 85,000 పసుపు స్టిక్కర్లు పంచిపెట్టి, 2011 జూలై 1న ఆ వైభవానికి తెరదించింది. ఆ స్టిక్కర్లు చెల్లినన్నాళ్లూ స్టిక్కరున్న పాత కారుకు స్టిక్కరు లేని పాత కారు కంటే ఎక్కువ ధర పలికింది. పర్యావరణానికి కట్టిన విలువ అద్దానికి అంటించిన కాగితంలోకి చేరిందన్నమాట.

స్టిక్కరు శాస్త్రంలో ఆంధ్రదేశం ఎవరి దగ్గరా ఓనమాలు దిద్దుకోనక్కరలేదు. 'ప్రెస్', 'పోలీస్', 'అడ్వొకేట్', 'ఆన్ గవర్నమెంట్ డ్యూటీ' అన్న అక్షరాలు వాహన యజమానుల వృత్తితో నిమిత్తం లేకుండా వాహనాలను కాపాడుతున్న సంగతి ఏ సెంటర్లో నిలబడినా తెలుస్తుంది. పూర్తి విద్యుత్ వాహనానికి చట్టం ఆకుపచ్చ నంబరు పలక ఇచ్చింది. హైబ్రిడ్‌కు మాత్రం అందరికీ ఉన్న తెల్ల పలకే కనుక, దాన్ని గుర్తుపట్టడానికి వెనక తలుపు మీది చిన్న బిళ్ల ఒక్కటే దిక్కు. రాయితీ ప్రకటించిన మరునాడు అటువంటి బిళ్ల తగిలించుకుని ఇరవై ఏళ్ల నాటి డీజిల్ జీపు కూడా హైబ్రిడ్‌గా పునర్జన్మ ఎత్తితే ఆశ్చర్యపడనక్కరలేదు.

హైబ్రిడ్ పుణ్యమెంతో ప్రభుత్వాలకే తేలలేదు. విద్యుత్ వాహనాల ప్రోత్సాహానికి 2015 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్ పథకం మైల్డ్ హైబ్రిడ్లకూ రాయితీ ఇచ్చి, రెండేళ్లు తిరిగేసరికి, 2017 ఏప్రిల్ 1 నుంచి, వాటిని పంక్తిలోంచి లేపేసింది. 2025 సెప్టెంబరు వరకు పెద్ద హైబ్రిడ్ కారు మీద జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం పడగా, ఇప్పుడు 40 శాతం పడుతోంది; పూర్తి విద్యుత్ కారు మీద 5 శాతమే. అదే హైబ్రిడ్‌కు ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది. ఢిల్లీలో విలాస వస్తువు లక్నో చేరేసరికి పర్యావరణ సేవకురాలైంది.

ఇక నెల్లూరు విషయంలో ఈ పథకానికి ఒక మౌలికమైన చిక్కు ఉంది. రుసుమును మాఫీ చేయాలంటే ముందు రుసుమంటూ ఉండాలి. ట్రంకు రోడ్డు అంచున మీటరు లేదు. పెట్రోలు కారు, డీజిలు కారు, బుల్లెట్టు, ఆవు, అందరికీ ఉచితమే. లాస్ ఏంజెలెస్ కొందరికే, కొన్నాళ్లే ఇచ్చిన వరాన్ని నెల్లూరు ఏ తీర్మానమూ లేకుండా సకల ప్రాణికోటికీ శాశ్వతంగా ధారాదత్తం చేసింది.

ఆ ధారాదత్తం ఎంతో కొలవడానికి స్థానికమైన కొలమానమే ఉంది. నెల్లూరు సీమలో ఇళ్ల స్థలాలను లెక్కించే అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. ఒక కారుకు సాధారణంగా కేటాయించే రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గల జాగా 134 చదరపు అడుగుల పైచిలుకు, అంటే రెండు అంకణాలకు కాస్త తక్కువ. మాగుంట లేఅవుట్లో రెండు అంకణాలు కొనాలంటే జీవితకాలపు పొదుపును కదిలించవలసిన మనిషి, బజారులో అంత జాగాను సినిమా ముగిసేదాకా పైసా ఇవ్వకుండా అనుభవించగలడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నగరం తనది కాని ఉమ్మడి భూమిని నాలుగు చక్రాలున్నవారికి పంచుతోంది. ఉచిత పార్కింగ్ నిజానికి ఉచితం కాదని, దాని ఖర్చును కారు లేనివారు సైతం మోస్తారని అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో పెద్ద గ్రంథమే రాశాడు. నెల్లూరులో ఆ సంగతి గ్రహించడానికి గ్రంథం అక్కరలేదు; కారు పక్కన నిలబడి ఉన్న తోపుడు బండిని చూస్తే చాలు.

ఆ బండి మీద జామకాయలుంటాయి, తక్కెడ ఉంటుంది, తక్కెడ కింద గాలికి ఎగరకుండా నొక్కిపెట్టిన చిన్న రసీదు ఉంటుంది. వీధిలో, సంతలో సరుకు అమ్ముకునేవారి నుంచి వసూలు చేసే ఈ రుసుమును ఆశీలు అంటారు. దాన్ని వసూలు చేసే హక్కును స్థానిక సంస్థలు వేలంలో గుత్తేదారుకు అప్పగించడం చిరకాలపు ఆనవాయితీ. మైపాడు, కోడూరు తీరాల నుంచి చేపల బుట్టతో షేర్ ఆటోలో వచ్చి, అరంకణమైనా లేని జాగాలో కూర్చునే స్త్రీకీ ఈ ఆనవాయితీ వర్తిస్తుంది. ఉద్యోగానికి వెళ్తూ రైల్వే స్టేషను స్టాండులో సైకిలు పెట్టేవాడూ టోకెను తీసుకుని డబ్బు కట్టవలసిందే.

కాబట్టి పొగ తక్కువ వదిలేవారికి నగరంలో ఉచితంగా నిలిచే హక్కు ఇవ్వాలన్న సూత్రం సరైనదే. వరుస మాత్రమే తప్పు. ఆ వరుసలో మొదట తోపుడు బండి, తరువాత చేపల బుట్ట, ఆ తరువాత సైకిలు వస్తాయి. లీటరుకు 28 కిలోమీటర్లకు చేరువగా ఇస్తుందని కంపెనీ చెప్పే హైబ్రిడ్ కారు వాటి వెనక నిలబడి తన వంతు కోసం వేచి ఉండాలి. తోపుడు బండికి ఇంజను లేదు, బ్యాటరీ లేదు, పొగ అసలే లేదు. రసీదు మాత్రం ఉంది.