మోరీ మీమాంస: కాజీపేట శాఖ

శాస్త్రం రాయబోయేవాడు ముందుగా నాలుగు సంగతులు తేల్చాలని పెద్దలు పెట్టిన నియమం. దాన్ని అనుబంధ చతుష్టయం అన్నారు: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. అధికారి అంటే ఆఫీసులో కూర్చునే ఆయన కాదు. ఆయన తర్వాత వస్తాడు, వస్తే. ఇక్కడ అధికారి అంటే ఈ విద్యకు అర్హుడు. 58 దాటి, ఒక్క మోకాలైనా కలుక్కుమంటూ, తెల్లవారుజామున అయిదింటికి అలారం లేకుండా లేచి కూర్చునేవాడెవడైనా అర్హుడే. బీపీ మాత్ర ఉంటే మంచిది, లేకపోయినా చేర్చుకుంటాం. విషయం మోరీ. కోస్తా పాఠకుల కోసం: మురుక్కాలువ. సంబంధం ఏమిటంటే అది మా ఇంటి ముందే ఉంది. ప్రయోజనం ఇంతవరకు ఏమీ కనబడలేదు.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు లాజిక్ చెప్పి 2018లో రిటైరైనవాణ్ని. ఆ సబ్జెక్టు తీసుకునే పిల్లలు కరువైపోయి, చివరి సంవత్సరాల్లో ఖాళీ బెంచీలకు కూడా కాస్త చెప్పాను. కాబట్టి ఈ రచనలో తర్కం పాలు ఎక్కువైతే, ఇన్నేళ్లు లోపల నిలవ ఉండిపోయిన సరుకు అనుకుని క్షమించాలి. అదీ ఒక రకం మోరీ సమస్యే.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఈ మోరీ లేదా అంటే ఉంది. ఒక్క గెంతులో దాటి స్టేషనుకు పోయేవాణ్ని. కాజీపేటలో పుట్టినవాడి చూపు పుట్టుకతోనే దూరం మీద ఉంటుంది. నిజాం రైలు సికింద్రాబాదు నుంచి 1886లో వరంగల్ దాకా వచ్చింది, 1889లో బెజవాడ చేరింది. 1929లో బల్లార్షా లైను కలిసేసరికి ఊరికి మూడు దిక్కులు దొరికాయి: ఒకటి పట్నానికి, ఒకటి ఢిల్లీకి, ఒకటి మద్రాసుకు. ఇన్ని దిక్కులున్న ఊళ్లో కాళ్ల కిందికి చూసుకునే తీరిక ఎవడికుంటుంది? ఇక్కడికి వచ్చినవాళ్లలో సగంమంది బండి మారడానికి వచ్చినవాళ్లే. ఊళ్లో ఉన్నవాళ్లం కూడా చాలా ఏళ్లు అట్లాగే బతికాం, మా బండి ఇంకా రాలేదన్నట్టు.

చూపు దిగే క్రమం ఇది. ఇరవైలో అది పట్టాలు రెండూ కలిసిపోయినట్టు కనిపించే చోట ఉంటుంది. ముప్పైలో ప్లాటు హద్దురాయి దగ్గరికి దిగుతుంది. నలభై అయిదులో పిల్లవాడి మార్కుల కాగితం మీద వాలుతుంది. ఆ తర్వాత ఒకరోజు డాక్టరు ‘కింద చూసుకుని నడవండి సార్’ అంటాడు. ఆనాటి నుంచి చూపు సరిగ్గా రెండడుగుల ముందు నేల మీద పడుతుంది. ఆ రెండడుగుల ముందు ఉండేది మోరీయే. పౌరస్పృహ, సామాజిక బాధ్యత అని సన్మాన పత్రాల్లో రాసేదంతా మోకాలిచిప్పలో పుట్టిందేనని నా సిద్ధాంతం. పక్కనే హన్మకొండలో బతికిన కాళోజీ తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ గొడవ లోకమంతటిది. నాది రెండున్నర అడుగుల వెడల్పుది. పోలిక అక్కడితో సరి.

ఇక మోరీని తెలుసుకునే ప్రమాణాలు. ప్రత్యక్షానికి ముక్కు చాలు. అనుమానం కొంచెం చిక్కు. కొండ మీద పొగ కనబడితే నిప్పు ఉందని ఊహించాలంటారు నైయాయికులు. మేం బొగ్గింజన్లు చూసిన ఊరివాళ్లం, పొగ సంగతి మాకు చెప్పనక్కర్లేదు. గల్లీ మొదట్లో కంకర కుప్ప పడిందంటే ఎన్నికలు దగ్గరికొచ్చాయని అర్థం. ఈ వ్యాప్తి ఇంతవరకు ఒక్కసారి కూడా చెడలేదు. ఉపమానానికి వాళ్లిచ్చే ఉదాహరణ, అడవిలో గవయం ఆవులాగా ఉంటుందని. మాకు వేయబోయే స్లాబు ఎట్లా ఉంటుందని అడిగితే పక్క వీధి స్లాబులాగా ఉంటుందన్నారు. పక్క వీధికి పోయి అడిగాను. మీ వీధిలో వేసినట్టే వేస్తామన్నారట.

నాలుగోది శబ్దం, అంటే నమ్మదగినవాడి మాట. రైల్వే ఊరు కనుక మాకు శబ్దం మీద గౌరవం ఎక్కువ. ‘దయచేసి వినండి’ అంటే మేం నిజంగానే వింటాం. ఈ భక్తివల్లే దెబ్బతిన్నాను. కిందటి వానాకాలం ఇసుక ట్రాక్టరు ఎక్కి మా మోరీ మూత రెండు ముక్కలై లోపల పడింది. ఎదురింటి పిల్లగాడు ఫోటో తీసి ఫిర్యాదు పెట్టిండు. మూడో రోజు నా ఫోనుకు వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ శబ్దానికీ ప్రత్యక్షానికీ విరోధం వస్తే ఏది బలవత్తరం? పుస్తకాల్లో దీనిమీద చాలా వాదం ఉంది. నేను చేతికర్ర తీసుకుని పోయి ఆ పరిష్కారంలో ముంచి చూశాను. పిడి దాకా దిగింది.

అసలు విషయం ఇప్పుడు వస్తున్నది. మన తార్కికులు లేనిదాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించారు. దానికి అభావమని పేరు, అది నాలుగు రకాలు. క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కిటికీలోంచి రైళ్లు లెక్కపెట్టేవాళ్లు, నేనూ తొందరగా ముగించేవాణ్ని. రిటైరయ్యాక గల్లీలో నాలుగు రోజులు నడిస్తే గాని దాని లోతు తెలియలేదు. మా వాడకు తర్కశాస్త్రం చదువుకున్నవాడెవడో ప్లాను గీసినట్టుంది.

ప్రాగభావానికి మొదలుండదు, చివర ఉంటుంది. కుండ పుట్టకముందు కుండ లేకపోవడంలాంటిది. మా మూలమలుపు దగ్గరి వీధిదీపం ఈ జాతి. ఎప్పటినుంచి లేదో ఎవరికీ తెలియదు, ఎప్పటికో వస్తుంది. ప్రధ్వంసాభావానికి మొదలుంటుంది, చివర ఉండదు. పైపులకోసం తవ్విన రోడ్డు చూడండి, ఏ తారీకున తవ్వారో అందరికీ గుర్తే. అత్యంతాభావం మూడు కాలాల్లోనూ లేనిది. ఫుట్‌పాత్ గురించి ఇంతకంటే రాయను.

అన్యోన్యాభావం దగ్గర కొంచెం ఆగాలి. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు, ఇంతే దాని సారం. క్లాసులో ఇది చెప్తే ఇంత చిన్న ముక్కకు శాస్త్రం ఎందుకు సార్ అన్నాడొక కుర్రాడు. ఎందుకో ఇప్పుడు చెప్తాను, ఎక్కడున్నా వినాలి. మా మోరీ ఒక ఆఫీసు స్థలంలో పుట్టి ఇంకో ఆఫీసు స్థలంలోకి పారుతుంది. మూత విరిగింది సరిగ్గా హద్దు మీద. మొదటి ఆఫీసుకు పోతే నక్షా తెరిచి ఇది మాది కాదన్నారు. రెండో ఆఫీసుకు పోతే వాళ్లూ నక్షా తెరిచారు, వాళ్లదీ కాదట. రెండు నక్షాలూ నిజమే చెప్తున్నాయి. ఆ రెండున్నర అడుగుల స్థలం భూమ్మీద ఎవరిదీ కాదు. అట్లాంటి చోటు ఒకటి నా గుమ్మం ముందే ఉందని తెలిసిన రోజు, మూత సంగతి మరిచిపోయి, ఆచార్యుడికి కలగాల్సిన ఆనందమే కలిగింది. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

‘ఇంట్ల నల్లా ఆర్నెల్ల సంది కారుతాంది. అది మాత్రం మీ కండ్లకు ఆనదు’ అన్నది.

ఇది బలమైన పూర్వపక్షం. ఇంటి నల్లా కారడం స్వార్థం, బజారు మోరీ పరార్థం అని సమాధానం చెప్పబోయాను, వినలేదు.

మా విద్వత్సభ చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో పొద్దున ఆరున్నరకు కూడుతుంది. సభ్యులు ముగ్గురు నలుగురు, పెద్ద దిక్కు ఒక రిటైర్డ్ గార్డుగారు. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు గాని, మేం ఆయన్ని గార్డు సాబ్ అనే పిలుస్తాం, ఆయనా దానికే పలుకుతాడు. ఆయన దగ్గర ఒక డైరీ ఉంది. ‘నల్లా ఇయ్యాల ఆరు నలభై రెండుకు వచ్చింది లెక్చరర్ సాబ్, పద్దెనిమిది నిమిషాలు లేట్ రన్నింగ్’ అని చదువుతాడు. చెత్త బండి ‘క్యాన్సిల్’. మోరీ ‘సిగ్నల్ కోసం అవుటర్ల ఆగింది.’ కాకతీయులు ఒక చెరువు అలుగు ఇంకో చెరువులో పడేట్టు గొలుసుకట్టుగా తవ్వించారు కదా, 1323లో వాళ్లు పోయాక మా వైపు వాలు చూసినవాడు లేడని ఆయన అభిప్రాయం. చరిత్ర పండితులు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు మా గల్లీలో నీళ్లు ఎటు పారుతున్నాయో చూడలేదు.

సభలో తేలని సమస్య ఒక్కటే, కోచ్ ఫ్యాక్టరీ. 1980ల మొదట్లో అది కాజీపేటకు వస్తుందన్నారు. నేనప్పుడు డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. ఉద్యోగం ఖాయమనుకుని మా బాపు సంబంధాలు చూడటం కూడా మొదలుపెట్టిండు. 1985లో దాని శంకుస్థాపన పంజాబులో జరిగింది, కపూర్తలాలో. నేను లాజిక్ చెప్పుకోవడానికి పోయాను. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సంగతి ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చి కాజీపేట రైల్వే తయారీ కేంద్రానికి పునాదిరాయి వేశారు. ఇప్పుడు ఈ లేకపోవడం ఏ జాతి? నలభై ఏళ్లు మేం దీన్ని అత్యంతాభావం కింద భద్రంగా దాచుకున్నాం. అది ప్రాగభావమేనని తేలితే పాఠమంతా మళ్లీ రాసుకోవాలి. ఒకనాడు గార్డు సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టి, ‘నిజంగనే వస్తె మనం పొద్దుగాల ఏం మాట్లాడుకోవాలె?’ అన్నాడు. ఆ రోజు సభ తొందరగా ముగిసింది.

ఈ శాస్త్రానికి గ్రంథాలు లేవా అంటే ఉన్నాయి, దరఖాస్తుల రూపంలో. నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. పైన జిల్లా పేరు చూస్తే కాలనిర్ణయం చేసుకోవచ్చు. మొదటివి వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు తర్వాతివి వరంగల్ అర్బన్. 2021 నుంచి హన్మకొండ. నేను ఇల్లు మారలేదు. మోరీ కూడా నాతోపాటు మూడు జిల్లాలు తిరిగింది, అంగుళం పారకుండా. సమాచార హక్కు దరఖాస్తులు వేరే దారంతో కట్టి పెట్టాను. పది రూపాయల రుసుము కడితే ముప్పై రోజుల్లోపు జవాబివ్వాలని చట్టం. పది రూపాయలకు నెల రోజుల ఎదురుచూపు దొరికే చోటు ఈ వయసులో ఇంకెక్కడుంది చెప్పండి. పోస్టుమ్యాన్ మా గేటు ముందు సైకిల్ ఆపితే ఇప్పటికీ గుండె కొట్టుకుంటుంది, ఉద్యోగం ఆర్డరు కోసం చూసిన రోజుల్లోలాగే.

చరిత్రకారుల కోసం ఇంకొక్క ముక్క. 2020 మార్చి దాకా 60 నిండిన మగవాళ్లకు రైలు టికెట్టులో 40 శాతం, 58 నిండిన ఆడవాళ్లకు 50 శాతం తగ్గింపు ఉండేది. నాకు అరవై నిండింది ఆ ఏడాదే. ఆ తగ్గింపు ఆగిపోయింది, ముసలివాళ్ల తీర్థయాత్రలు తగ్గాయి, మోరీల పరిశీలన పెరిగింది. కాకతాళీయం అనేవాళ్లు అనుకోవచ్చు.

మా అబ్బాయిది ఇంకో పూర్వపక్షం. ‘ఎందుకు నాన్నా అక్కడ, హైదరాబాద్ వచ్చెయ్యండి’ అంటాడు. సికింద్రాబాదు మాకు 132 కిలోమీటర్లు. పోయాను, పదకొండో అంతస్తు. మోరీలు భూమిలోపల ఎక్కడో ఉన్నాయట, చూసినవాళ్లు లేరు. నీళ్లు ఎప్పుడూ వస్తాయి కనుక ఎప్పుడొచ్చాయో రాసుకునే పని లేదు. ఏమన్నా అయితే సెక్రటరీ చూసుకుంటాడు, సెక్రటరీని ఎవరూ చూడలేదు. రెండు రోజులు సోఫాలో కూర్చుంటే నాకే ఏదో మూత పెట్టినట్టయింది. మూడో రోజు లిఫ్టులో లైటు మినుకుమినుకుమనడం కనిపించింది. ప్రాణం లేచివచ్చి, కాగితం అడిగి తీసుకుని, ‘గౌరవనీయులైన సెక్రటరీ గారికి’ అని మొదలుపెట్టాను. కోడలు తెల్లారి బండికి టికెట్టు తీసింది. మంచి పిల్ల, ఏసీ టికెట్టే తీసింది.

నేను ఊళ్లో లేని ఆ మూడు రోజుల్లో ఒక పిల్లవాడు సైకిలుతో సహా మోరీలో పడ్డాడు. దెబ్బలు పెద్దగా తగల్లేదు. గార్డు సాబ్ ఇంట్లోకి పోయి, సర్వీసు నాటి ఎర్రజెండా ఒకటి పెట్టెలోంచి తీసి, వెదురుకర్రకు కట్టి ఆ గుంతలో పాతాడు. మర్నాటి నుంచి ఆటోలు అక్కడ నెమ్మదించి పక్కకు తప్పుకుంటున్నాయి. రెండు ఆఫీసులు చేయలేని పని ఒక గజం గుడ్డ చేసింది. కాకపోతే, ఎర్రజెండా చూసి ఇక్కడ ఏ పార్టీ ధర్నా అని అడిగారు కొందరు. రెండు వానలకు రంగు వెలిసి గులాబీ అయింది, అప్పుడు ఇంకో పార్టీవాళ్లు వచ్చి ఎవరిని అడిగి పెట్టారన్నారు. గార్డు సాబ్ వాళ్లకు డైరీ తెరిచి చూపించాడు: ‘మూత లేదు. డేంజర్ సిగ్నల్ ఆన్.’

మూత ఇంకా లేదు. చీకటిపడ్డాక స్టేషను వైపు నుంచి మా గల్లీకి వచ్చేవాళ్లు ఎడమ పక్కగా నడవండి. జెండా కనబడకపోతే సమస్య తీరిందనుకోవద్దు, గార్డు సాబ్ ఉతకడానికి తీసుకుపోయి ఉంటాడు.