కాలపరిమితి లేని ప్రభుత్వము

పరిపాలనా సంస్కరణములను నిజామాబాదు జిల్లా వేల్పూరు మండలపు పల్లెలవలె ఓర్చుకొన్న పల్లెలు అరుదు. మాలిపటేలు, పోలీసుపటేలు, పట్వారీ అను త్రిమూర్తుల ఏలుబడి 1984లో రద్దయినది. 1985లో తాలూకాలు తొలగి మండలములు వెలసినవి. 2016లో జిల్లా చీలి కామారెడ్డి వేఱుపడినది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవి ఊడి, భూరికార్డులకు ధరణి అవతరించినది. 2025లో భూభారతి వచ్చి ధరణిని సాగనంపినది. ఇన్ని యుగములలో రైతు నేర్చుకొన్న విద్య ఒక్కటే: ఏ కిటికీ యెదుట నిలువవలెనో కనుగొనుట.

అయినను ఏ సంస్కర్తయు తాకజాలని ప్రభుత్వమొకటి ఈ జిల్లాలో కలదు. అది గ్రామాభివృద్ధి కమిటీ. జనులు వీడీసీ యందురు, కొన్ని యెడల సర్వసమాజ్ అందురు. దానిని పుట్టించిన శాసనము లేదు, గద్దెనెక్కించిన ఓటరు లేడు, లెక్కలడుగు ఆడిటరు లేడు. కావుననే దానికి కాలదోషము లేదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలము ముగిసి, దాదాపు రెండేండ్లు ప్రత్యేకాధికారుల సంతకములకై పంచాయతీలు ఎదురుచూచుచుండగా, వీడీసీ కుర్చీ ఒక్క దినమైనను ఖాళీ పడలేదు. బోధను చక్కెర కర్మాగారమంతటిది 2015లో మూతపడినది గాని, వీడీసీ మూతపడిన దాఖలా లేదు.

బడికి గదులు, గుడికి ప్రాకారము కట్టించిన కమిటీలు లేకపోలేదు. ఆ మేలు కాదనను. కాని బెల్టుషాపు, అనగా అనుమతి లేని మద్యపుటంగడి, వేలము సంగతి చూడుడు. ప్రభుత్వమే చట్టవిరుద్ధమన్న అంగడికి హక్కును సృష్టించి, దానిని బహిరంగముగా పాటపాడి అమ్మి, వచ్చిన రొక్కముతో గ్రామాభివృద్ధి సాధించు ఆర్థికశాస్త్రము ఏ విశ్వవిద్యాలయమున బోధింపబడుచున్నదో తెలియదు.

ఇక దండనీతి. కమిటీ మాట కాదన్న కుటుంబముపై రాత్రి బహిష్కరణ చాటింపు పడినచో, తెల్లవారి కిరాణా సేటు తక్కెడవైపు చూచును గాని ఆ ఇంటి మనిషివైపు చూడడు. పసుపు తవ్వుటకు కూలీలు రారు, ఉడకబెట్టు యంత్రము అద్దెకు దొరకదు, పలుకరించిన పొరుగువానికిని జుర్మానా. ఇంటి యజమాని దుబాయిలో నిర్మాణపు పరంజాపై నిలిచి సంపాదించిన దిర్హములు, తాను లేని ఊరిలో తానెఱుగని నేరమునకు జుర్మానాగా చెల్లిపోవును. జనాభా లెక్కలవారు వదలిన గల్ఫు కార్మికుని వీడీసీ మాత్రము మఱవదు.

ప్రభుత్వ యంత్రాంగమునకు నడక రాదనుకొనరాదు. 2001 అక్టోబరు 2న బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడిన కీర్తి వేల్పూరుదే. నాడు ఉద్యోగులు ఇంటింటికి తిరిగి, బీడీల చాటల యొద్దనుండియు పొలముల గట్లనుండియు పిల్లలను లేపి బడికి పంపిరి. అట్టి యంత్రాంగమునకు వీడీసీ గుమ్మము చేరునప్పటికి కాళ్లు పట్టుకొనిపోవును. బహిష్కృతుడు ఠాణాకు పోయినచో, "ఊరి పెద్దలతో మాట్లాడుకొని రాజీ పడరాదా?" అను హితోపదేశము లభించుట కలదు; రాజీ యనగా జుర్మానా కట్టుటయే.

కందకుర్తి దాటి గోదావరికావలనున్న మహారాష్ట్రము, సాంఘిక బహిష్కరణమునకు మూడేండ్ల వఱకు కారాగారము, లక్ష రూపాయల వఱకు జుర్మానా విధించు శాసనమును 2016లోనే చేసికొన్నది. ఇవతలి గట్టున అట్టి ప్రత్యేక శాసనము నేటికిని లేదు.