ఎండ ఎప్పుడూ వీపు మీదే

మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ సాఫ్ట్‌వేర్ వాళ్ల మొహాన ఎండ పడదు. కావాలంటే చూసుకోండి. పొద్దున పడమరకు పోతాం, సూర్యుడు వెనకుంటాడు. సాయంత్రం తూర్పుకు తిరిగొస్తాం, అప్పుడూ వెనకే. పటాన్‌చెరు దాకా పోయే 218డి బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఇది. పీహెచ్‌డీ ఇవ్వలేదు గానీ వీపు మాత్రం నల్లబడింది.

నేను 1987లో ఈ వృత్తిలోకి వచ్చాను. సూర్యాపేట నుంచి రేకు పెట్టెతో దిగి, చివరికి చైతన్యపురిలో ఒక ఇల్లు కట్టుకున్నాను. పై పోర్షన్‌లో దేవరకొండ వైపు కుర్రాడు అద్దెకుంటాడు. మంచివాడు. అద్దె ఒకటో తారీఖునే పంపిస్తాడు, నీళ్ల మోటారు కట్టేయడం మాత్రం మర్చిపోతాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. మొన్న ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికొచ్చి, తన ప్రోగ్రాం చూపించాడు. రెండు వందల లైన్లు, నీట్‌గా ఉంది.

"బాగా రాసినవ్ బిడ్డా."

"నేన్ రాయలే అంకుల్, ఏఐ రాసింది."

"మరి ఇదేం జేస్తదో నీకు తెలుసా?"

"నడుస్తుంది గదా అంకుల్!"

ఎడ్లబండి కూడా నడుస్తుంది. ఆ మాట పైకి అనలేదు, ఎందుకంటే లోపలి నుంచి మా ఆవిడ గొంతు వచ్చింది: "ఆ పిలగాన్ని సతాయించకుండ్రి, చాయ్ తాగనియ్యుండ్రి." అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పత్రికలున్నది అందుకే కదా.

మా రోజుల్లో కంప్యూటర్ గదికి ఏసీ, మనుషులకు ఫ్యాను. గుడికి వెళ్లినట్టు గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. మెషీన్ టైము దొరికేది రాత్రిళ్లే, కాబట్టి పగలంతా కోడింగ్ షీట్ల మీద పెన్సిలుతో కోబాల్ రాసుకునేవాళ్లం. ఏడో గడి కామెంట్ చుక్కకు, ఎనిమిది నుంచి పదకొండు దాకా పేరాల పేర్లకు, పన్నెండు నుంచి డెబ్భై రెండు దాకా మన రాతకు. గడి తప్పినా, వాక్యం చివర ఫుల్‌స్టాప్ మరిచినా ఎర్రర్లు పేజీలకు పేజీలు ప్రింటయ్యేవి. ఇంకో సంగతి. ప్రతి కోబాల్ ప్రోగ్రాం మొదట్లో ఐడెంటిఫికేషన్ డివిజన్ ఉండేది, అందులో 'ఆథర్' అని ఒక వరస. అక్కడ రాసినవాడి పేరు. తప్పు జరిగితే మేనేజరు మొదటి పేజీ తిరగేసి, "ఎవడయ్యా వీడు, పిలవండి" అనేవాడు. నన్ను చాలాసార్లు పిలిచారు. ఇప్పుడు పైవాడి ప్రోగ్రాంలో ఆ వరస ఎవరి పేరుతో నింపాలి? రాసింది మర. తప్పు బయటపడితే టికెట్ పడేది మాత్రం దేవరకొండ కుర్రాడి మీద.

ఎన్నికలొస్తే హైదరాబాద్‌కు కంప్యూటర్ ఎవరు తెచ్చారన్న లొల్లి మొదలవుతుంది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజు నుంచి చంద్రబాబు మనుషులు శకం లెక్కపెడతారు. కేటీఆర్ మనుషులు 2015 టీ-హబ్ నుంచి. కాంగ్రెస్ వాళ్లు రాజీవ్ గాంధీ దగ్గరికి వెళ్తారు. వీళ్లెవరికీ కుషాయిగూడ వైపు చూపు తిరగదు. అక్కడ ఈసీఐఎల్ 1967లోనే పుట్టింది, అయ్యగారి సాంబశివరావు గారి చేతుల మీదుగా. ఏఎస్‌రావు నగర్ అంటే ఆయన పేరే, స్థలాలు అమ్ముకున్న బిల్డర్ పేరు కాదు. మాదాపూర్‌లో రాళ్లగుట్టలున్న 1970లలోనే అక్కడ టీడీసీ-312, టీడీసీ-316 అని సొంత కంప్యూటర్లు తయారు చేశారు. నగరంలో కంప్యూటర్ కూడా తూర్పునే పొడిచింది. పడమరన రిబ్బన్లు కత్తిరించారు.

ఓట్ల యంత్రాలు తయారయ్యే రెండు చోట్లలో ఆ ఈసీఐఎల్ ఒకటి. వాటి గురించి పార్టీలకు గెలిచినప్పుడొక మాట, ఓడినప్పుడొక మాట. 2019లో మన హైటెక్ చంద్రబాబే మిగతా ప్రతిపక్షాలతో కలిసి, వీవీప్యాట్ చీటీలు ఇంకా ఎక్కువ లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రతి అసెంబ్లీ స్థానంలో ఒకటి కాదు, ఐదు యంత్రాల చీటీలు లెక్కపెట్టమంది కోర్టు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. యంత్రం చెప్పింది సరే, కాగితం చూపించు అనడం కోబాల్ వాడి లక్షణం. ఆ చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది, కళ్లద్దాలు సర్దుకునేలోపు పడిపోతుంది. అది వేరే ఏడుపు.

అసలు ఏడుపు ఇంకొకటి ఉంది. అది బ్యాంకుల దగ్గర మొదలైంది.

1980లలో బ్యాంకులకు కంప్యూటర్లు ఊరికే రాలేదు. 1983లో ఉద్యోగ సంఘాలు యాజమాన్యాలతో కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. రంగరాజన్ కమిటీ కూడా వేశారు. బ్రాంచిల్లోకి ముందు ఏఎల్‌పీఎంలు వచ్చాయి, అంటే లెడ్జరు పోస్టింగ్ యంత్రాలు. ఒక బ్రాంచిలో ఆ ప్రోగ్రాం పెట్టడానికి నన్ను పంపారు. డిస్కెట్ల పెట్టె చంకలో పెట్టుకుని, ప్రపంచాన్ని ఉద్ధరించడానికి వచ్చినవాడిలా వెళ్లాను. యూనియన్ సెక్రటరీ ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, నోట్లో వక్కపొడి. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి, ఒకటే మొదలు. ఈ యంత్రం మీద ఎవరు కూర్చుంటారు? వాళ్లకు స్పెషల్ అలవెన్సు ఎంత? లెడ్జరు రాసే నలుగురిని ఎక్కడ వేస్తారు? పొరపాటు పడితే సంజాయిషీ యంత్రానిదా, గుమస్తాదా? జవాబులు కాగితం మీద వచ్చేదాకా ప్లగ్గు పెట్టనివ్వలేదు. మూడు రోజులు. బస్సులో తిరిగొస్తూ నా ఈడు వాళ్లతో కలిసి ఆయన్ని తిట్టని తిట్టు లేదు. అభివృద్ధి నిరోధకుడన్నాం, దేశాన్ని వెనక్కి లాగుతున్నాడన్నాం. ఆ నలుగురు గుమస్తాలూ అరవైకి పూలదండలు వేయించుకుని రిటైరయ్యారు. ఆ సంగతి మాకు పట్టలేదు.

తర్వాత వైటూకే వచ్చింది. ఆ రెండేళ్ల దిల్‌సుఖ్‌నగర్ చూసినవాడు మళ్లీ ఏ తిరునాళ్లకూ వెళ్లక్కర్లేదు. నల్గొండ, మిర్యాలగూడ, ఖమ్మం బస్సులు ఎల్‌బీనగర్‌లో ఆగేవి, పిల్లలు దిగేవాళ్లు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో ఆవకాయ సీసా. సాయిబాబా గుడిలో దండం, సందులో హాస్టల్ మంచం, కర్రీ పాయింట్‌లో పప్పు పొట్లం, పొద్దున ఆరింటికి డెమో క్లాసు. స్తంభానికి స్తంభానికి పాంప్లెట్లు: రియల్ టైమ్ ఫ్యాకల్టీ, నూరు శాతం జాబ్ గ్యారంటీ. ఆ రియల్ టైమ్ ఫ్యాకల్టీలో నేనూ ఒకణ్ణి. సాయంత్రాలు ఓ ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు వారాల్లో కోబాల్ నేర్పేవాణ్ణి. సంవత్సరాన్ని రెండంకెల్లో పెడితే 2000 వచ్చినప్పుడు 00 అవుతుంది, మెషీను దాన్ని 1900 అనుకుంటుంది, కాబట్టి పిక్ 99 ఉన్నచోటల్లా వెతికి నాలుగంకెలు చెయ్యాలి. ఇదీ పాఠం. 1988లో ఆ రెండంకెలు స్వహస్తాలతో రాసినవాళ్లలో నేనూ ఉన్నానని క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. చెరువు పూడ్చినవాడే పూడిక తీతకు కూలి తీసుకున్నట్టు.

2001లో అమెరికా చల్లబడింది. వెళ్లినవాళ్లు కొందరు తిరిగొచ్చారు, చిలుకూరులో మొక్కు తీర్చుకున్న వాళ్లు కూడా. ఇద్దరు కుర్రాళ్లు ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కనబడి, "సార్, ఇప్పుడేం నేర్చుకోమంటరు?" అన్నారు. ఫీజు వెనక్కిమ్మని అడగలేదు, గ్యారంటీ ఏమైందని నిలదీయలేదు. నేను "జావా" అన్నాను. వాళ్లు జావా కట్టారు. పాంప్లెట్లు ఆ తర్వాత డాట్‌నెట్ అయ్యాయి, టెస్టింగ్ టూల్స్ అయ్యాయి, డేటా సైన్స్ అయ్యాయి, ఇప్పుడు ఏఐ అయ్యాయి. అంటించే చోటు మాత్రం మారింది, కరెంటు స్తంభం బదులు మెట్రో పిల్లరు.

మెట్రోను నేను తిట్టను. 2018 సెప్టెంబరు 24న ఎల్‌బీనగర్ నుంచి అమీర్‌పేట లైను మొదలైనప్పుడు నా మోకాళ్లు దానికి మొక్కాయి. అమీర్‌పేటలో రాయదుర్గం రైలుకు మారేటప్పుడు నలిగిపోతాం, అయినా మలక్‌పేట గంగలో మునిగే వానాకాలం సాయంత్రాలు తప్పాయి. రైల్లో చెవి పెడితే నేటి సాఫ్ట్‌వేర్ రాజకీయం మొత్తం వినబడుతుంది. ఆంధ్ర రాజధాని, తెలంగాణ అప్పులు, ట్రంప్ హెచ్-1బీ మీద వేసిన లక్ష డాలర్ల ఫీజు. ప్రతి కుర్రాడూ ఒక టీవీ ఛానెల్.

2023 అక్టోబరు 14 గుర్తుందా? చంద్రబాబు అరెస్టును నిరసిస్తూ ఐటీ ఉద్యోగులు, ఆయన అభిమానులు నల్ల చొక్కాలు వేసుకుని మియాపూర్ నుంచి మా ఎల్‌బీనగర్ దాకా మెట్రో ఎక్కడానికి బయలుదేరారు. పోలీసులు ఆపారు, తోపులాటలయ్యాయి. ఎవరి నాయకుడు వాళ్లకు ముద్దు, అందులో తప్పు లేదు. సాఫ్ట్‌వేర్ వాడు రోడ్డెక్కడనే మాట అబద్ధమని ఆ రోజు తేలింది, నాకు సంతోషమే వేసింది. కానీ 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తామని చెప్పినప్పుడు మా స్టేషన్‌లో ఒక్క నల్ల చొక్కా కనబడలేదు. అదే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి 48 దాటకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పైవాడికి పేపరు చూపించి, "చూసినవా, పది గంటలట!" అన్నాను.

"పదేనా అంకుల్?" అన్నాడు, లాటరీ తగిలినట్టు.

నా సంగతీ చెప్పాలి. యాభై ఒకటో ఏట, పేరెందుకులెండి, ఒక కంపెనీలో నన్ను చిన్న గదిలోకి పిలిచారు. నీళ్ల సీసా, టిష్యూ పేపర్ల డబ్బా ముందే పెట్టి ఉంచారు. పావుగంటలో ల్యాప్‌టాప్ తీసుకుని, నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నట్టు నా చేతే రాయించుకున్నారు. నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "పార్కింగ్ కార్డు కూడా ఇచ్చెయ్యాలా?" అని. ఇంటికొస్తుంటే, నేను తిట్టిన ఆ వక్కపొడి సెక్రటరీ మలక్‌పేట దాకా నా పక్క సీట్లో కూర్చున్నట్టే అనిపించింది.

అడగకపోవడం వల్ల పోయేది మన ఉద్యోగాలొక్కటే అయితే సర్దుకోవచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. హాజరైనవాళ్లు గైర్హాజరయ్యారు. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మంత్రుల మాటలు, కమిటీ మాటలు అన్నీ విన్నాం. నేను ఎదురుచూసింది వేరే మాట కోసం. ఆ ప్రోగ్రాం రాసిన గదిలో నాబోటి వాడొకడు ఉండే ఉంటాడు. ఇది ఇంకా తయారు కాలేదు, టెస్టింగ్ పూర్తికాలేదు, నేను సంతకం పెట్టను అని వాడు ఎందుకు అనలేకపోయాడు? అంటే వాడి పక్కన ఎవరు నిలబడేవాళ్లు? నేనైతే ఆ గదిలో అనేవాణ్ణా అంటే, పార్కింగ్ కార్డు గుర్తొస్తుంది.

"మీ కాలంలో అన్నీ బాగుండెనా అంకుల్?" అని పైవాడు ఎప్పుడూ అడుగుతాడు. బాగుండలేదు. ఫేక్ ఎక్స్‌పీరియన్సులు మా కాలంలోనే మొదలయ్యాయి, అమ్మాయిలను నైట్ షిఫ్టు అనగానే ఇంట్లో ఆపేసింది మా కాలమే. కానీ యంత్రం వస్తే నా సంగతేంటని బల్ల మీద చెయ్యేసి అడిగిన మనుషులు మా కాలంలో ఉన్నారు. మేం వాళ్లను చూసి నవ్వాం. మేం నవ్విన నవ్వును పిల్లలు నేర్చుకున్నారు.

పోయిన వారం వాడికి కొత్త కంపెనీ ఆఫర్ వచ్చింది. స్వీట్ బాక్సుతో పాటు లెటరూ ఇచ్చాడు, జీతం అంకె చూడమని. నేను వెనక పేజీల నుంచి మొదలుపెట్టాను. వాడు మానెయ్యాలంటే 90 రోజుల నోటీసు, కంపెనీ తీసెయ్యాలంటే 30. ఏడాదిలోపు వెళ్లిపోతే జాయినింగ్ బోనస్ వెనక్కి. "ఇదెందుకు ఇట్ల ఉందో అడుగు" అన్నాను. "అడిగితే ఆఫర్ క్యాన్సిల్ చేస్తరేమో అంకుల్" అన్నాడు. మా ఆవిడే వంటింట్లోంచి వచ్చి, "అడిగితే ఏం పోతదిరా, చీర కొన్నా బేరమాడుతం గదా" అంది. ఆ రాత్రి ముగ్గురం కూర్చుని హెచ్‌ఆర్‌కు నాలుగు లైన్ల మెయిల్ రాశాం. ఏఐని అడగకుండా, సొంతంగా. జవాబు ఇంకా రాలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే వాళ్ల ఆఫర్ లెటరు ఒకసారి అడిగి తీసుకోండి. జీతం పేజీ వాళ్లెలాగూ చదువుతారు. మీరు వెనక నుంచి చదవండి.