తప్పంతా పత్తి పువ్వుదే

నేరస్తుడు ఎవరో తేలిపోయింది. ప్రభుత్వం కాదు, విత్తన కంపెనీ కాదు, ఆర్గనైజర్ కాదు, రైతు కాదు, తల్లిదండ్రులు అసలే కాదు. పత్తి పువ్వు. ఇంతమంది పెద్దమనుషులు పిల్లల మేలు కోరి ఏడాది పొడవునా తేదీలు ఖరారు చేస్తుంటే, ఒక్క తేదీకీ కట్టుబడకుండా తన ఇష్టమొచ్చినప్పుడు పూస్తున్నది అదొక్కటే. జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లిలో, శాంతినగర్ చుట్టుపక్కల, అయిజలో, గట్టులో, మల్దకల్‌లో, విత్తనం కోసం సీడ్ పత్తి వేసిన ప్రతి చేలోనూ ఏటా ఇదే ధిక్కారం.

జూన్ 12 సంగతి చూడండి. ప్రపంచ బాల కార్మిక వ్యతిరేక దినం. మన రాష్ట్రంలో బడులు తెరిచేదీ మామూలుగా ఆ రోజే. బ్యానర్ కడతారు, ర్యాలీ తీస్తారు, పిల్లలతో పని చేయించకూడదని ఎండలో ఆ పిల్లల చేతే అరిపిస్తారు. బడిబాట పేరుతో సార్లు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటారు. అప్పటికి చేలో విత్తనం పడిందో లేదో. చిన్న వేళ్లతో పనేమీ లేదు. కాబట్టి హాజరు రిజిస్టరు కళకళలాడుతుంది.

జులై ఆపరేషన్ ముస్కాన్ నెల. పోలీసులు, లేబర్ అధికారులు, బాలల సంరక్షణ సిబ్బంది జట్లు కట్టి, పనిలో ఉన్న పిల్లల కోసం బస్టాండ్లు, హోటళ్లు, ఇటుక బట్టీలు గాలిస్తారు. చేనప్పటికి మోకాలెత్తు. 31వ తేదీన లెక్కలు చూసుకుని, ఫొటో దిగి, పత్రికలకు ప్రకటన ఇచ్చి జీపులు వెనక్కి మళ్లుతాయి. ఆగస్టు వస్తుంది. పూత ఊపందుకుంటుంది. ఇక అక్టోబరు దాకా క్రాసింగ్ సీజన్. నవంబరు 14 నాటికి పూత ముగిసి, పిల్లలు తీరిగ్గా బడికొచ్చి నెహ్రూ పటానికి దండ వేస్తారు. జనవరిలో ఆపరేషన్ స్మైల్ వాళ్లు మళ్లీ బయల్దేరేసరికి చేలో మిగిలేది పత్తి కట్టె.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు: బాలల సంక్షేమానికి ఈ మూడు నెలలూ వర్జ్యం. ఏ సిద్ధాంతి చూసి పెట్టాడో గానీ ఒక్క ఘడియ తప్పలేదు.

క్రాసింగ్ అంటే ఏమిటో తెలియకుండా పత్తి చొక్కా తొడుక్కునేవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. హైబ్రిడ్ విత్తనం దానంతట అది పుట్టదు. చేలో ఆడ వరుసలు వేరు, మగ వరుసలు వేరు. రేపు విచ్చుకోబోయే మొగ్గ ఏదో ఈ సాయంత్రమే పోల్చుకోవాలి. బొటనవేలి గోరుతో దాని అడుగున గాటు పెట్టి, రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ కలిపి ఒక్క తిప్పుతో ఊడదీయాలి. నడిమి కీలం విరగకూడదు. కింద పిందెకు గోరు తగలకూడదు. పుప్పొడి తిత్తులు మిగిలిపోయాయా, ఆ కాయ తన పుప్పొడితోనే కట్టేస్తుంది, విత్తనం కల్తీ అవుతుంది. మర్నాడు పొద్దున్నే మగ పువ్వులు కోసుకొచ్చి, నిన్న గిల్లిన ప్రతి మొగ్గ కీలం మీదా రుద్దాలి. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ పువ్వులకు వస్తుంది. పొద్దెక్కితే పుప్పొడి పనికిరాదు. మధ్యాహ్నం దాటాక మళ్లీ రేపటి మొగ్గలు. ఇలా ప్రతి చెట్టుకూ, ప్రతి పూటా, పూత ఆగేదాకా. ఆదివారం లేదు. పసరుతో గోళ్లు నల్లబడతాయి. పురుగుమందు కొట్టిన చేలోనే మర్నాడు మొహం ఆకుల్లో పెట్టి మొగ్గ వెతుక్కోవాలి.

అంటే బడి గంటతో పొద్దునా తగువే, సాయంత్రమూ తగువే. మధ్యలో మిగిలింది మధ్యాహ్న భోజనం ఒక్కటి. దానికి పుప్పొడి అంటిన చేతులతో వచ్చి కూర్చోవచ్చు, ఏ జీవోలోనూ అభ్యంతరం లేదు.

1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే రకాన్ని విడుదల చేశారు. ప్రపంచంలో వాణిజ్యంగా సాగైన మొదటి హైబ్రిడ్ పత్తి అది. పత్తి పండించే అమెరికా ఆ దారి పట్టలేదు. తెలివి చాలక కాదు, ఇన్ని మొగ్గలు గిల్లడానికి అక్కడ కూలీ గిట్టదు. మనకు గిట్టింది. ఎలా గిట్టిందని అడిగితే మూడు శాస్త్రీయ కారణాలు చెబుతారు. పిల్లల వేళ్లు సున్నితం. పిల్లల ఎత్తు చెట్టుకు సరిపోతుంది. ఆడపిల్లలకు ఓపిక ఎక్కువ. గద్వాల జరీ చీర నేసే మగ్గం మీద మగవాళ్ల వేళ్లు ఎంత సున్నితంగా ఆడతాయో ఇదే జిల్లాలో చూస్తూ కూడా ఈ మాట అంటారు! నాలుగో కారణం మాత్రం ఎవరూ పైకి చెప్పరు: మగవాడి కూలీ కన్నా ఆడమనిషి కూలీ తక్కువ, ఆడమనిషి కూలీ కన్నా ఆడపిల్ల కూలీ తక్కువ. పైగా ఆడపిల్ల బీడీకి పోదు, ఎదురు చెప్పదు, తల్లిదండ్రులు సీజన్‌కు ముందే అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి మధ్యలో మానుకోదు.

ఈ సంగతి పరిశోధించి రాసినవాళ్లు లేకపోలేదు. దావులూరి వెంకటేశ్వర్లు 2015 నివేదిక ప్రకారం దేశంలో పత్తి విత్తన క్షేత్రాల్లో 18 ఏళ్లలోపు పిల్లలు దాదాపు 5 లక్షల మంది. వాళ్లలో సుమారు 2 లక్షల మందికి 14 ఏళ్లు నిండలేదు. ఎక్కువ మంది ఆడపిల్లలే. ఆయన అంతకు పదేళ్ల ముందు నుంచీ ఇలాంటి అంకెలతోనే తలుపులు కొడుతున్నారు. పిల్లల్ని పనిలోంచి బడికి తెచ్చే ఎంవీ ఫౌండేషన్ శాంతా సిన్హా అయితే మరీ ఇబ్బందికరమైన మాట చెప్పారు: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే అని. ఆ మాటకు, ఆ పనికి 2003లో మెగసెసే అవార్డు ఇచ్చి సత్కరించారు. ఆ లెక్కను మాత్రం చట్టం ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే పట్టుకోవడానికి జీపులు చాలవు.

అలాగని చట్టం ఊరుకుందనుకోకండి. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి, 14 ఏళ్లలోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదని కుండబద్దలు కొట్టారు. చేయిస్తే 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా. చప్పట్లు కొట్టేలోపు కింది వాక్యం వస్తుంది: కుటుంబానికి సాయం చేయొచ్చు, బడి వేళలు అయ్యాక, సెలవుల్లో. కుటుంబమంటే ఎవరు? తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఆపైన తండ్రి తోడబుట్టినవాళ్లు, తల్లి తోడబుట్టినవాళ్లు. అంటే పెదనాయన, చిన్నాయన, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, చిన్నమ్మ. బయటి మనుషుల్ని పనికి పెట్టుకున్నా అది కుటుంబ వృత్తే.

ఈ చట్టం రాసినవాళ్లకు నడిగడ్డ పల్లెల మీద ఎంత ప్రేమో! కృష్ణా తుంగభద్రల నడుమ ఏ ఊళ్లోనైనా కులం ఏదైనా సరే, ఎదురుపడ్డ మనిషిని మామ అనో చిన్నాయన అనో పిలవకుండా ఎవరు ఉంటారు? వరసలు లేని చేను ఉండదు. అధికారి జీపు దిగి "ఈ పాప ఎవరు?" అంటే రైతు తడుముకోడు.

"మా చెల్లె బిడ్డ సార్."

"ఆ పక్కన?"

"మా బామ్మర్ది బిడ్డలు సార్."

"అందరూనా?"

"మాది పెద్ద ఖాన్‌దాన్ సార్. ఇయ్యాల బడి లేకుంటే ఊకెనే చేను చూస్తమని వచ్చిండ్రు."

బడి ఉందో లేదో కనుక్కోవాలంటే మళ్లీ బడిదాకా వెళ్లాలి. బడిలో ఆ పిల్ల పేరు ఎలాగూ ఉంది, జూన్‌లో రాశారుగా. కాబట్టి బడి మానేసినట్టు కాదు. చేలో ఉంది చుట్టాల పిల్ల. కాబట్టి కార్మికురాలు కాదు. రెండు రికార్డుల్లోనూ తప్పు లేదు, పిల్ల ఒక్కతే తప్పిపోయింది. ఒకవేళ తల్లిదండ్రులే దొరికినా మొదటిసారి శిక్ష లేదు, మళ్లీ దొరికితే 10 వేలలోపు జరిమానా. కూలికి పంపితే తప్ప ఇల్లు గడవని వాళ్ల దగ్గర ఆ 10 వేలు ఎక్కడివంటారా? సీజన్‌కు ముందు అడ్వాన్సు ఇస్తారుగా.

తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం కింద తెలంగాణ వైపు 87,500 ఎకరాలు తడవాలని కాగితం మీద ఉంది. చివరి ఆయకట్టు రైతు మాత్రం నీళ్లందక కాల్వ వైపు చూస్తూ కూర్చుంటాడు. చట్టం కూడా ఆ కాల్వ గుండానే వస్తుంది కాబోలు, ఢిల్లీలో నిండుగా బయల్దేరి వడ్డేపల్లి దాకా వచ్చేసరికి అడుగున తడి మిగులుతుంది.

రైతును తిట్టడం సులువు, కనుకే అందరూ తిడతారు. ఆయన సంగతి వినండి. కంపెనీ హైదరాబాద్‌లో ఉంటుంది. రైతుకు కనిపించేది మధ్యలో ఉండే ఆర్గనైజర్. మూల విత్తనం ఆర్గనైజరే ఇస్తాడు, పెట్టుబడి అప్పూ ఆయనే ఇస్తాడు, వడ్డీ లెక్క ఆయనే కడతాడు, పంట ఆయనకే పోయాలి, ధర ఆయన నోటిమాట. పంట పోశాక విత్తనం కల్తీ అయిందో లేదో తేల్చే జీవోటీ పరీక్ష ఉంటుంది. నెలలు గడిచాక ఫలితం వస్తుంది. ఫెయిల్ అంటే ఫెయిల్. ఎందుకని అడగడానికి చాలామంది రైతుల చేతిలో ఒప్పంద పత్రమే లేదు. విచిత్రమేమిటంటే, రైతు చేతికి రాని ఆ పత్రంలో బాల కార్మికుల్ని పెట్టకూడదనే షరతు మాత్రం ఉంటుంది. కంపెనీ ఆ షరతును విదేశీ అతిథులకు చూపిస్తుంది. పెద్దవాళ్లకిచ్చే కూలీకి సరిపడా కొనుగోలు ధర పెంచమంటే అది మార్కెట్ విషయమంటుంది. అంటే పిల్లను చేలోంచి పంపెయ్యమని రాతపూర్వకంగా చెప్పి, పిల్ల ఉంటే తప్ప గిట్టని రేటు నోటితో చెబుతారన్నమాట. రెండు భాషలు తెలిసినవాళ్లు.

ప్రభుత్వానికి ఒక సమర్థన ఉంది: జిల్లా వెనకబడి ఉంది, ప్రజల్లో అవగాహన లేదు. నిజమే, 2011 జనాభా లెక్కల్లో గద్వాల జిల్లా ప్రాంతపు అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రంలో అందరికన్నా కింద. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు కాబట్టి ఆ అంకె ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది, ఉపన్యాసాలకు పనికొస్తోంది. పని మాన్పించిన పిల్లల కోసం 1988లో మొదలైన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టును 2021లో సమగ్ర శిక్షలో కలిపేశారు. దాని ప్రత్యేక పాఠశాలలు మూతపడ్డాయి. ఆ పేరుతో పథకమే లేనప్పుడు ఆ పేరున్న పిల్లలు మాత్రం ఎందుకుంటారు?

కనుక పువ్వునే దారిలో పెట్టాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం వెంటనే ఒక కొత్త రకం కనిపెట్టాలి: జులైలో మాత్రమే పూయాలి, ముస్కాన్ బృందాలు చూస్తుండగా. లేదంటే నవంబరు 14 ఉదయం, కలెక్టర్ గారు బెలూన్లు వదిలే వేళకు. అది కుదరకపోతే బడి క్యాలెండరే మార్చి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నడిగడ్డకు వేసవి సెలవులు ప్రకటించాలి. సెలవుల్లో చుట్టాలకు సాయం చేయడం చట్టబద్ధమే కదా.

నవ్వులాట కాదు, సర్కారుకు పత్తి గింజ విషయంలో ఎంత నిశితమైన లెక్క చేతనవునో తెలిస్తే ఇది అసాధ్యమనిపించదు. పత్తి విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధరను 2016 నుంచి కేంద్రమే నిర్ణయిస్తోంది. 2025-26కు బీజీ-2, అంటే పురుగును తట్టుకునే జన్యువున్న విత్తనం, ప్యాకెట్ 901 రూపాయలు. ఆ ధరలో విత్తనానికి ఎంత, అందులోని జన్యువు కనిపెట్టిన కంపెనీకి రాయల్టీ ఎంత అని వేర్వేరుగా తేల్చారు. జన్యువు వాటా 2016లో 49 రూపాయలు. తర్వాత 39 చేశారు, ఆపైన 20, 2020లో సున్నా. ఆ వాటా తగ్గించినందుకు మోన్‌శాంటో వాళ్ల కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆ జన్యువు పేటెంటు మీద నూజివీడు సీడ్స్‌తో వాళ్ల తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2019లో తీర్పు వచ్చింది. కంటికి కనిపించని జన్యువుకు అంతమంది పెద్ద వకీళ్లు, ఇంత గెజిట్. ఆ జన్యువును మగ పువ్వులోంచి ఆడ పువ్వులోకి చేర్చిన వేలికి మాత్రం అందులో ఒక్క గడి లేదు.

వచ్చే ఏడాది నోటిఫికేషన్‌లో ఆ గడి ఒకటి కలపాలని కేంద్ర వ్యవసాయ శాఖకు మనవి. విత్తన విలువ, జన్యు విలువ, ఆ కింద పిల్ల విలువ. లెక్క కట్టడానికి కమిటీ వేస్తే వేయండి, కమిటీ గద్వాలకు వచ్చేది ఎలాగూ జనవరిలోనే. సున్నా అని తేలితే సున్నా అనే అచ్చు వేయండి. జన్యువుకు తగ్గిస్తే కోర్టుకెక్కినవాళ్లున్నారు గానీ, ఈ సున్నా మీద స్టే తెచ్చేవాళ్లెవరూ లేరు. ఆ పిల్లలకు ఓటు రావడానికి ఇంకా ఆరేడేళ్లుంది, ఆలోపు రెండు ఎన్నికలు దాటేయొచ్చు.