అలివి వలకు సర్కారు మేత

శ్రీశైలం వెనుక జలాలు నిండితే చాలు, కొల్లాపూర్ పక్కన సోమశిల ఘాటుకు కళ వస్తుంది. ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచులతో లారీ దిగుతుంది. నాయకుడు మెట్లు దిగి, సంచి మూతి విప్పి, కెమెరా వైపు తిరిగి నీళ్లలోకి వంచుతాడు. మర్నాడు పేపర్లో మత్స్యకారుల బతుకుల్లో వెలుగులు. తెలంగాణలో ఉచిత చేపపిల్లల పథకం 2016లో మొదలైంది. సర్కారు మారింది గానీ ఫోటో మారలేదు. సంచి పట్టుకున్న చేతులు మారాయంతే.

ఎన్ని వదిలారంటే లక్షల్లో, కోట్లలో చెబుతారు. ఒక గిన్నెడు పిల్లల్ని ఎంచుతారు, ఎన్ని గిన్నెలో చూసి గుణిస్తారు. ఎక్కం వస్తే చాలు, విప్లవం వచ్చినట్టే. అందులో ఎన్ని బతికాయి, ఎన్ని పెరిగాయి, చివరికి ఎవరి పుట్టిలో పడ్డాయి అని అడిగితే మాత్రం వేడుక చెడగొట్టిన వాళ్లమవుతాం.

జలాశయాల్లో వదలాల్సింది 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. బొచ్చె అయినా రవ్వ అయినా కిలో తూగాలంటే కొన్ని నెలలు నీళ్లలో ప్రాణంతో ఉండాలి కదా! అలివి వల అంతదాకా ఆగదు. దోమతెర లాంటి సన్నని కన్ను, వందల మీటర్ల పొడవు, లాగడానికి మనుషుల గుంపు. ఒక్క లాగుడుకు పిల్లా తల్లీ ఒకే కుప్పలో పడతాయి. ఒడ్డున ఎండబెట్టి, బస్తాలకెత్తి, లారీలో పంపేస్తారు. లారీలో వచ్చినవి లారీలోనే వెళ్తాయి, మధ్యలో కృష్ణమ్మ దర్శనం చేసుకుని.

అలివి వల మీద నిషేధం లేదా అంటే, ఉంది. వలలు ఎలా ఉండాలో నిబంధనలు పెట్టే అధికారం 1897 నాటి మత్స్య చట్టంలోనే ఉంది. తెల్లదొరకు తట్టిన ఆలోచన అది. మనవాళ్లకు తట్టినా తనిఖీకి పడవ దొరకదు. మత్స్యశాఖకు పోతే సిబ్బంది లేరంటారు. పోలీసులకు చెబితే మత్స్యశాఖ ఫిర్యాదు తెమ్మంటారు. 2014 తర్వాత ఇంకో సదుపాయం కలిసొచ్చింది. అవతలి గట్టు పక్క రాష్ట్రం. ఇక్కడ అడిగితే వల అటువైపుది, అక్కడ అడిగితే ఇటువైపుది. మరీ గోల ఎక్కువైతే నాలుగు వలలు కుప్పేసి తగలబెడతారు. మంటకూ ఫోటో దిగుతుంది. వల దొరికిన ప్రతిసారీ దాని యజమాని మాత్రం దొరకడు.

లైసెన్సు కట్టి, చేప గుడ్లు పెట్టే కాలంలో వేట మానుకుని, పెద్ద కన్ను వల వేసుకునే స్థానిక బెస్త, ముదిరాజు మాత్రం అందరికీ దొరుకుతాడు. అతని ఊరు, తండ్రి పేరు, సంఘం నంబరు అన్నీ రిజిస్టర్లో ఉంటాయి మరి. అలివి ఆపండని అతను వినతి పత్రం ఇస్తాడు, ధర్నాకు కూర్చుంటాడు. శాంతిభద్రతల సమస్య అప్పుడు మొదలవుతుంది! 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం కింద ఊళ్లూ పొలాలూ మునిగిన జనం వీళ్లు. మునిగిన పొలం మీది నీళ్లలో చేప పట్టుకోవడమే వీళ్లకు మిగిలిన సేద్యం. ఇప్పుడు ఆ పంటనూ విత్తనం దశలోనే ఎవరో కోసుకుపోతున్నారు.

వల లాగేవాళ్ల మీద నాకు కోపం లేదు. అడ్వాన్సు అప్పుకు చిక్కి ఈ పనిలో వెట్టి చేస్తున్న చెంచు కుటుంబాలను విడిపించిన వార్తలు మనం చదివినవే. చిన్న చేపనూ పేద మనిషినీ ఒకే కన్నుతో పట్టే వల అది.

అన్నట్టు, సోమశిల నుంచి అవతలి గట్టున ఉన్న సిద్ధేశ్వరానికి తీగల వంతెన కోసం 2022లో కేంద్రం వెయ్యి కోట్లకు పైగా మంజూరు చేసింది. గాజు నడకదారి కూడా ఉంటుందట. మంచిదే, తనిఖీ పడవ లేదన్న బెంగ తీరుతుంది. అధికారులు గాజు మీద నిలబడి, కింద అలివి ఎవరు లాగుతున్నారో చూడొచ్చు.

ఈలోగా ఖజానాకు పనికొచ్చే సలహా ఒకటి. చేపపిల్లల లారీని ఘాటు దాకా తేవడం దండగ. అలివి చేపలు ఎండబెట్టే గుట్టల దగ్గరే దించేస్తే డీజిలూ, వల లాగే కూలీ రెండూ మిగులుతాయి. ఒక్క సంచి మాత్రం ఘాటుకు పంపండి, ఫోటోకు.